ప్లాటా, బంగారమా, ఫండా: ఒక్క మాటలో చెప్పమంటే...

ప్రశ్న: పొలం అమ్మితే 30 లక్షలు వచ్చాయి. నాకు 46 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. ఇంటి లోన్ ఇంకా 9 లక్షలుంది, వడ్డీ 9 శాతం. అమ్మాయి వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేరుతుంది, ఫీజు ఏడాదికి 2 లక్షల దాకా అవుతుంది. బావమరిది అమరావతి దగ్గర ప్లాటు కొనమంటున్నాడు. మా ఆవిడ బంగారం అంటోంది. బ్యాంకుకు వెళ్తే ‘గ్యారంటీ పాలసీ’ తీసుకోమన్నారు. తలా ఒక మాట చెబుతుంటే టెన్షన్‌గా ఉంది. పదేళ్లలో ఏది ఎక్కువ పెరుగుతుందో ఒక్క మాటలో ఖాయంగా చెప్పండి.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఖాయంగా అన్నారు కాబట్టి, ముందు ఖాయంగా చెప్పగలిగింది చెబుతాను. ఇంటి లోన్ తీర్చేయండి. ఇవాళ్టి రేటు ప్రకారం ఏడాదికి సుమారు 81 వేలు వడ్డీకే పోతోంది. అదే 9 లక్షలు 7 శాతం ఎఫ్‌డీలో వేస్తే వచ్చేది 63 వేలు, అందులోనూ పన్ను కట్టాలి. మీది ఫ్లోటింగ్ వడ్డీ (మార్కెట్ రేట్లను బట్టి మారుతుండే వడ్డీ) లోన్ అయితే, ముందే తీర్చినందుకు పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన కూడా ఉంది.

పదేళ్లలో ఏది ఎక్కువ పెరుగుతుందనేది మాత్రం ఎవరూ చెప్పలేరు. చెప్పేవాళ్లకు కొదవ లేదనుకోండి.

అమరావతినే చూడండి. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు కొన్నవాళ్లకు ఇక తిరుగులేదనిపించింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లే కరువయ్యారు. 2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు అయ్యేసరికి మళ్లీ గిరాకీ మొదలైంది. సరిగ్గా అదే రోజు ముంబైలో ఇంకో కథ నడిచింది. ఎగ్జిట్ పోల్స్ నమ్ముకుని జూన్ 3న 2,500 పాయింట్లకు పైగా ఎగిరిన షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్, 4న ఏకంగా 4,390 పాయింట్లు పడింది. 7వ తేదీకల్లా మళ్లీ రికార్డు స్థాయికి చేరింది. 3న ధీమాగా కొని, 4న హడలిపోయి అమ్మేసినవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. ఆ వారమంతా టీవీ పెట్టనివాళ్లకు ఏమీ కాలేదు.

ఇక బ్యాంకువాళ్లు చెప్పిన గ్యారంటీ. అలాంటి బీమా పాలసీలు ఉన్నాయి, గ్యారంటీ కూడా నిజమే. దాని ధర ఎంతో చూడాలి. ఉదాహరణకు ఏటా లక్ష చొప్పున పదేళ్లు కడితే, మొదలుపెట్టిన 20 ఏళ్లకు 20 లక్షలు ఇస్తామంటారు. ‘డబుల్’ అనగానే బాగానే ఉందనిపిస్తుంది. లెక్క కడితే అది ఏడాదికి దాదాపు 4.5 శాతం! వడ్డీ ఎంత పడుతుందో కాగితం మీద రాసివ్వమని ఆ బ్యాంకు అబ్బాయిని అడిగి చూడండి, మాట మారుస్తాడు.

లోన్ పోగా మీకు 21 లక్షలు మిగులుతాయి. అమ్మాయి ఫీజుకు 8 లక్షలు ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల ఎఫ్‌డీలుగా విడగొట్టి వేయండి. బ్యాంకు మునిగితే మన డబ్బుకు రక్షణగా ఉండే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే, అదీ వడ్డీతో కలిపి. కాబట్టి రెండు బ్యాంకుల్లో పెట్టండి. ఉద్యోగం ప్రైవేటు కాబట్టి 3 లక్షలు అత్యవసరానికి పక్కన ఉంచండి. మిగతా 10 లక్షలకే మీ ప్రశ్న వర్తిస్తుంది. అందులో 8 లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ సూచీలోని 50 పెద్ద కంపెనీల షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్), ఒకేసారి కాకుండా ఏడాదిపాటు నెలనెలా వేయండి. ఫండ్ విలువ సగానికి పడినా కదిలించకుండా ఉండగలరా అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఉండలేమనిపిస్తే 4 లక్షలే వేసి, మిగతాది ఎఫ్‌డీలో ఉంచండి. అందులో తప్పేమీ లేదు. 2 లక్షలు బంగారానికి. మీ ఆవిడ మాట పూర్తిగా తీసేయాల్సిందేం కాదు.

ప్లాటు వద్దనే అంటాను. మీ చేతిలో ఉన్న 10 లక్షలకు తోడు మళ్లీ అప్పు చేయాల్సి వస్తుంది, అప్పుడు ఇంటి లోన్ తీర్చిన ప్రయోజనమే పోతుంది. బావమరిదితో ఇబ్బంది అనుకుంటే నా పేరు చెప్పేయండి.

అన్నట్టు, పన్ను సంగతి మీరు రాయలేదు. పల్లెలోని సాగుభూమి అయితే లాభం మీద పన్ను ఉండదు. మున్సిపాలిటీ పరిధిలో ఉన్నా, దాని జనాభాను బట్టి హద్దు నుంచి 2, 6 లేదా 8 కిలోమీటర్ల లోపల ఉన్నా పన్ను పడుతుంది. పైన చెప్పిన వాటిలో ఏది చేసే ముందైనా దస్తావేజులు తీసుకుని ఆడిటర్‌ని కలవండి. పన్ను పడేటట్లయితే ఆ మొత్తం ముందే తీసి పెట్టుకుని, ఫండ్‌లో వేసే డబ్బు ఆ మేరకు తగ్గించుకోండి.