అమ్మాయి వెళ్తుంటే వీడియోలు మీరెందుకు చూస్తున్నారు?

ప్రశ్న: మా అమ్మాయికి జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎంఎస్ సీటు వచ్చింది. అక్టోబరుకల్లా వెళ్లాలి. అక్కడ ఉంటున్న మన తెలుగువాళ్లు వీడియోల్లో చెప్పేవి, రాసేవి రోజూ చూస్తున్నాను. ఒకరు స్వర్గమంటారు, ఇంకొకరు రావద్దే రావద్దంటారు. దీనికంటే అమెరికా నయమా? దానికి వంట కూడా సరిగా రాదు. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, జర్మనీయా అమెరికానా అన్నది మీరు పైకి అడిగిన మాట. లోపల ఉన్నది 'దానికి ఏమైనా అయితే పక్కన ఎవరుంటారు' అన్న భయం. ఏటా జూన్, జులై వచ్చేసరికి ఈ భయమే ఏదో ఒక దేశం పేరుతో నా దగ్గరికి వస్తుంది. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

మీరు విన్నవాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండరు. మ్యూనిక్‌లో ఐటీ జీతంతో కుటుంబంగా ఉంటున్నవాళ్లకు అది స్వర్గమే. గది దొరక్క స్నేహితుల దగ్గర నేల మీద పడుకుంటున్న విద్యార్థికి అదే దేశం నరకం. ఎవరి మాట విన్నా ముందు ఏ ఊరు, ఏ వీసా, ఏ ఏడాది అని చూడాలి. ఏడాది చెప్పకపోయినా పట్టుకోవచ్చు. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి నెలనెలా కొంత తీసుకునే ఖాతాలో, 11,208 యూరోలు వేయాలని చెబుతున్నారా? అది 2024 సెప్టెంబరుకు ముందు మాట. ఆ నెల నుంచి అది 11,904 అయింది, అంటే నెలకు 992. విద్యార్థి ఏడాదికి 120 రోజులే పనిచేయవచ్చంటే అది 2024 మార్చికి ముందుది. ఆ తర్వాత 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు చేశారు. ఈ అంకెలు పాతవైతే వాళ్లు చెప్పే అద్దెలూ టికెట్ రేట్లూ పాతవే. చివర్లో కన్సల్టెన్సీ నంబరు ఉంటే అది ప్రకటన కింద లెక్క.

ఊరు చుట్టి చూపించే వీడియోలతో పని లేదు. మొదటి నెలలో ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో చెప్పేవి అమ్మాయిని వెతకమనండి. దాదాపు అందరూ ఇరుక్కునేది ఒక్కచోటే. ఇంట్లో దిగిన రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్ అనే సిటీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. 'రిజిస్ట్రేషన్ కుదరదు' అని షరతు పెట్టిన గదిని చవకగా వస్తోందని తీసుకుంటే ఆ కాగితం రాదు. అది లేకపోతే చాలా బ్యాంకులు ఖాతా తెరవవు. ఖాతా లేకపోతే మీరు వేసిన డబ్బులోంచి నెలనెలా రావలసిన 992 యూరోలూ చేతికి రావు. అందుకే మొదటి నెల అద్దె, అడ్వాన్సు, తిండి ఖర్చు ఫారెక్స్ కార్డులో విడిగా ఉండాలి. అడ్వాన్సు చట్టం ప్రకారం మూడు నెలల అద్దెదాకా అడగొచ్చు. గది చూపించకుండా 'డబ్బు పంపండి, తాళం కొరియర్ చేస్తాం' అనేవాళ్లు మోసగాళ్లే, అందులో అనుమానం లేదు.

ఇంకో చిన్న సంగతి. అక్కడ టాక్స్ నంబరు, బ్యాంకు కార్డు పిన్, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. కింద ఉండే పోస్టు డబ్బా మీద అమ్మాయి ఇంటిపేరు అతికించి లేకపోతే పోస్టుమ్యాన్ ఉత్తరాన్ని వెనక్కి పంపేస్తాడు. ఫ్లాట్ నంబరు రాస్తే చాలదు, పేరే చూస్తాడు. దిగిన రోజే కాగితం ముక్క మీద పేరు రాసి, సెల్లోటేపు వేసి అంటించమనండి.

ఇక వంట. దీని మీద మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. ఇరవై రెండేళ్ల పిల్లకు అన్నం, పప్పు రాకపోవడానికీ జర్మనీకీ ఏం సంబంధం? ఇంకా రెండు నెలలుంది, రాత్రి వంట దానికి అప్పజెప్పండి. ఇక్కడి అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు, అడుగున ఇండక్షన్ గుర్తున్న స్టీలుది కొనండి. ఆవకాయ, గోంగూర పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, చికెన్ పచ్చడి మాత్రం యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. కస్టమ్స్‌వాళ్లు చూస్తే తీసి పారేస్తారు. ఆదివారం షాపులు మూసేస్తారు కాబట్టి సరుకులు శనివారమే తెచ్చుకోవాలి.

నాకు అసలు అనుమానమున్నది 'జర్మనీలో చదువు ఫ్రీ' అన్న ఇప్పటి మోజు మీద. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేని మాట నిజమే. కానీ బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనవాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి వసూలు చేస్తోంది. 'వెంటనే సీటు' అంటూ కన్సల్టెన్సీలు చూపించేవి ఎక్కువగా ప్రైవేటువి, వాటికి వేల యూరోల ఫీజు. మీ అమ్మాయికి వచ్చింది ప్రభుత్వ సీటో కాదో ఈ రోజే చూసుకోండి. ఇంకా ఒకటుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. చాలా కోర్సుల్లో ఒక తప్పనిసరి పరీక్షను మూడుసార్లు తప్పితే ఆ కోర్సు నుంచే పంపించేస్తారు. ఇక్కడిలాగా బ్యాక్‌లాగ్ అలా మోసుకుంటూ పోవడం కుదరదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు, ఆ 18 నెలలూ జర్మన్ భాష రాకపోతే చాలా పొట్టిగా అనిపిస్తాయి. కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉన్నా ఆఫీసులో కాఫీ దగ్గర మాటలు జర్మన్‌లోనే సాగుతాయి. జర్మన్‌లో మొదటి మెట్టయిన ఏ1 ఇక్కడే పూర్తి చేసి వెళ్లమనండి.

అమెరికాతో పోలిక అడిగారు. అమెరికాలో ఫీజు బరువు, జర్మనీలో భాష బరువు. అప్పు చేయకుండా పంపగలిగితే అప్పుడు అమెరికా గురించి ఆలోచిద్దాం. మీకు ఈ సీటు చేతిలో ఉంది.

మీ భయానికి వస్తే, మాగ్డెబర్గ్‌లో మన విద్యార్థులు చాలామందే ఉన్నారు. ఆపదకు 112, రాత్రిపూట జ్వరానికి డాక్టరు కోసం 116117, రెండూ ఫోనులో వేసుకుని వెళ్తే చాలు. చలికాలంలో మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి గొంతు కాస్త దిగులుగా వినిపిస్తుంది, దానికి మీరు ఇక్కడ ఏడవకండి. మీకు రాత్రి పదిన్నర అయితే తనకు ఆరు, అప్పుడే క్లాసు నుంచి వస్తుంటుంది. ఫోను ఎత్తకపోతే బస్సులో ఉందనుకోండి. వీడియోలు చూసే పని ఇక ఆమెకు వదిలేయండి. స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి చూసే సంస్థ) హాస్టల్‌కు దరఖాస్తు పెట్టిందో లేదో అడగండి, లేకపోతే ఈ వారమే పెట్టించండి. ఆ వెయిటింగ్ లిస్టు నెలల తరబడి సాగుతుంది.