కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ ఎవరు? ఆమె గురించి ఎందుకు తెలుసుకోవాలి?

అమెరికాలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ కోర్టు) జడ్జి అయిన తొలి నల్లజాతి మహిళ. 1921లో న్యూ హేవెన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు కరీబియన్ దీవి నెవిస్ నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రి అక్కడి యేల్ యూనివర్సిటీ విద్యార్థుల క్లబ్బుల్లో వంట చేసేవారు. కూతుర్ని కాలేజీకి పంపే స్తోమత లేదు. ఒక సభలో ఆమె మాట్లాడిన తీరు విని, క్లారెన్స్ బ్లేక్స్‌లీ అనే స్థానిక సంపన్నుడు చదువు ఖర్చు భరించారు.

కొలంబియా యూనివర్సిటీలో లా చదివి, ప్రముఖ నల్లజాతి లాయర్ తుర్గుడ్ మార్షల్ బృందంలో పౌరహక్కుల లాయరయ్యారు. 1962లో నల్లజాతి విద్యార్థి జేమ్స్ మెరెడిత్‌కు, అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన మిసిసిపీ యూనివర్సిటీ తలుపులు తెరిపించింది ఆవిడే. సుప్రీంకోర్టులో పది కేసులు వాదించి తొమ్మిది గెలిచారు. 1966లో ప్రెసిడెంట్ జాన్సన్ ఆమెను న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టులో జడ్జిగా నియమించారు.

నన్ను బాగా కదిలించేది 1975 నాటి సంగతి. ఒక పెద్ద లా సంస్థ మహిళా లాయర్ల పట్ల వివక్ష చూపుతోందని కేసు. మీరూ నల్లజాతి మహిళే కదా, తప్పుకోండి అని ప్రతివాది లాయర్ అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. జాతి, లింగం ప్రతి జడ్జికీ ఉంటాయి, అదే అడ్డయితే ఈ కోర్టులో ఎవరూ ఈ కేసు వినలేరు అన్నది ఆమె జవాబు సారాంశం. తెల్లజాతి పురుషుడైన జడ్జిని ఈ ప్రశ్న ఎవరైనా అడిగేవారా?

1978లో న్యూయార్క్‌లోని బేస్‌బాల్ మైదానం యాంకీ స్టేడియంలో, ఆటగాళ్లు బట్టలు మార్చుకునే లాకర్ రూమ్‌లోకి మహిళా రిపోర్టర్లనూ రానివ్వాలని తీర్పిచ్చారు. 1982లో తాను పనిచేస్తున్న ఆ న్యూయార్క్ కోర్టుకే చీఫ్ జడ్జి అయ్యారు. 2005లో చనిపోయేదాకా జడ్జిగానే కొనసాగారు.