పాత పిస్టల్‌కు కొత్త సైట్లు

ప్రశ్న: నా దగ్గర పాత సైనిక నమూనాలో తయారైన .45 కాలిబర్ 1911 పిస్టల్ ఉంది. రేంజ్‌లో కాగితపు లక్ష్యాలపై సాధనకే దాన్ని వాడుతున్నాను. యాభై దాటినప్పటి నుంచి ముందు సైటు, అంటే గురి చూడటానికి పిస్టల్ పైన ముందు కొసన ఉండే చిన్న మొన, కంటికి ఆనడం లేదు. సైట్లు మార్పించవచ్చా? ఏవి మేలు?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్, అమెరికా

జవాబు: మార్పించవచ్చు. కానీ మీ ఇబ్బందిలో పిస్టల్ వాటా ఎంతో, కంటి వాటా ఎంతో ముందుగా తేల్చుకోండి. వయసుతో వచ్చే చత్వారం వల్ల చేయి చాచినంత దూరంలో ఉన్న ముందు సైటు మసకబారుతుంది. ఆ దూరాన్ని కొలిచి కంటి వైద్యునికి చెబితే, దానికి తగిన కళ్లద్దాలు రాసిస్తారు. కొందరికి ఆ ఖర్చుతోనే పని తీరిపోతుంది.

ఇక పిస్టల్ సంగతి. 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన ఈ నమూనాలో ముందు సైటు పలుచగా, పొట్టిగా ఉండేది. 1920లలో వచ్చిన ఎ1 రూపంలో దాన్ని వెడల్పు చేసినా, నేటి లెక్కలో అది చిన్నదే. గురి చూసేటప్పుడు వెనక సైటు గాడిలో ముందు సైటుకు అటూ ఇటూ సన్నని వెలుతురు గీత కనిపించాలి. ఆ గీత లేనప్పుడు ముందు సైటును ఎంత పెద్దది చేసినా ఫలితం ఉండదు కాబట్టి, రెండు సైట్లనూ జతగానే మార్పించాలి.

అన్నిటికన్నా చౌకైన ఉపాయం రంగు. ముందు సైటుకు ఉన్న నూనె జిడ్డును పూర్తిగా తుడిచి, తెల్లరంగు పూసి, అది ఆరాక మెరిసే నారింజ రంగు వేయండి. నచ్చకపోతే తుడిచేయవచ్చు. చుట్టూ ఉన్న వెలుతురును పట్టి కొసన మెరిసే రంగు పోగు ఉన్న ఫైబర్ ఆప్టిక్ సైటు పగటి వెలుగులో ఇంకా బాగా కనిపిస్తుంది. ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువుతో తనంతట తానే వెలిగే ట్రిటియం సైటు చీకటి కోసం ఉద్దేశించినది. పైగా దాని వెలుగు సుమారు పన్నెండేళ్లలో సగానికి పడిపోతుంది. మీ సాధనకు ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం.

వెనక సైటు స్లైడ్‌లోని (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకూ కదిలే పిస్టల్ పైభాగంలోని) అడ్డగాడిలో బిగుతుగా కూర్చుంటుంది కనుక మార్చడం తేలిక. ముందు సైటుకు మాత్రం చిన్న కాలు ఉంటుంది. దాన్ని స్లైడ్ రంధ్రంలో దూర్చి, లోపలి నుంచి నలగ్గొట్టి బిగిస్తారు. పాత వాటిలో ఆ కాలు సన్నం, తరువాతి వాటిలో వెడల్పు, కొలిపించకుండా కొనవద్దు. ఈ పని సరిగా కుదరకపోతే కాల్చినప్పుడు వచ్చే అదురుకు సైటు ఊడి ఎగిరిపోతుంది కాబట్టి తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కే అప్పగించండి. స్లైడ్‌ను కోయించి ముందు సైటుకూ అడ్డగాడి పెట్టించడం అత్యంత దృఢమైన మార్గమే అయినా, మీది నిజంగా సైన్యంలో వాడినదైతే ఆ కోతతో సేకరణ విలువ పోతుంది. అలాంటప్పుడు అసలు స్లైడ్‌ను భద్రపరచి, వేరే స్లైడ్‌ను అమర్పించుకోవడం తెలివైన పని.

మన దేశంలోని పాఠకులు ఇలాంటి పనిని లైసెన్సు ఉన్నవారి చేతనే చేయించాలి. 1959 నాటి ఆయుధాల చట్టం ఆయుధాల మరమ్మతుకూ లైసెన్సు కోరుతుంది.

చివరగా ఎత్తు విషయం. ముందు సైటు ఎత్తు 1 మిల్లీమీటరు మారితే, 25 మీటర్ల దూరంలో గుండు తగిలే చోటు దాదాపు 15 సెంటీమీటర్లు మారుతుంది. సైటు ఎత్తయితే గుండు కిందికి, పొట్టిదైతే పైకి పోతుంది. అందుచేత దాన్ని కాస్త ఎత్తుగానే బిగించమనండి. మీరు వాడే తూటాలతోనే కాల్చి చూశాక, గన్‌స్మిత్ ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి గురిని సరిచేస్తాడు.