ఎన్నారై సందేహాలు: ముందు కుట్టు, తర్వాత కోత

మహారాష్ట్రలోని రాజురా నుంచి పెళ్లయి అమెరికా వచ్చిన ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, మా అమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. నాకూ కుట్టడం వచ్చు. ఇక్కడ మా ఊళ్లో క్విల్టింగ్ గిల్డ్, అంటే బొంతలు కుట్టేవాళ్ల సంఘం, ఉందంటే ధైర్యం చేసి వెళ్లాను. అందరూ బాగా మాట్లాడారు గానీ స్ట్రిప్ సెట్, సబ్‌కట్, నెస్టింగ్, స్కాంట్ క్వార్టర్ అంటుంటే ఏమీ అర్థం కాలేదు. మళ్లీ వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. కొంచెం వివరంగా చెప్తారా? అమ్మ పాత చీరలు ఇందులో కలపొచ్చా?"

చెల్లీ, తప్పకుండా మళ్లీ వెళ్లు. వాళ్లు వాడిన ఆ నాలుగు మాటలూ స్ట్రిప్ పీసింగ్ (పట్టీలు కలిపి కుట్టడం) అనే ఒకే పనికి సంబంధించినవి. ఆ పని క్రమం తెలిస్తే మాటలు వాటంతట అవే గుర్తుంటాయి.

మన బల్లార్షా, రాజురా, సిరొంచ వైపు బొంత అంటే పాత చీరలు, ధోవతులు పొరలుగా పరిచి చేత్తో దగ్గరదగ్గరగా టాకాలు వేసుకుంటూ పోవడమే. పొరుగు మరాఠీ ఇళ్ల గోధడీ కూడా అంతే. ముక్క కాస్త వంకరగా ఉన్నా పక్క ముక్కతో సర్దేస్తాం, కింద పొర పట్టుకుంటుంది. స్ట్రిప్ పీసింగ్‌లో అలా సర్దడం కుదరదు. ఇందులో చిన్న ముక్కలు విడివిడిగా కోసి అతకరు. పొడవాటి పట్టీలు కోసి, వాటిని పక్కపక్కన మెషిన్ మీద కుట్టి, అలా వచ్చిన వెడల్పాటి బట్టను మళ్లీ అడ్డంగా ముక్కలు చేస్తారు. పట్టీలు కలిపి కుట్టినది స్ట్రిప్ సెట్, దాన్ని అడ్డంగా కోయడం సబ్‌కట్. ఫ్లోరిడాలోని సెమినోల్ తెగ ఆడవాళ్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, చేత్తో తిప్పే కుట్టు మిషన్లు ఇళ్లలోకి వచ్చాక, ఇలాగే పట్టీలు కుట్టి, కోసి, ముక్కల్ని కాస్త జరిపి మళ్లీ అతికి ఎంతో అందమైన బట్టలు చేసుకున్నారు. 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా రోటరీ కట్టర్, అంటే గుండ్రటి బ్లేడు తిరుగుతూ కోసే కత్తి, తెచ్చాక కత్తెర అవసరం తగ్గి, ఈ పద్ధతి మామూలు ఇళ్లలో కూడా సులువైపోయింది.

ఒక లెక్క చేసి చూపిస్తా. క్విల్టింగ్ కాటన్ వెడల్పు 44 అంగుళాల దాకా ఉంటుంది. రెండు వైపులా ఉండే గట్టి అంచును సెల్వేజ్ అంటారు. అది ఉతికితే వేరేగా ముడుచుకుంటుంది కాబట్టి తీసేయాలి. వాడకానికి 42 అంగుళాలు మిగులుతాయని లెక్కపెట్టుకో. ముదురు రంగువి 5, లేత రంగువి 4 పట్టీలు, 2½ అంగుళాల వెడల్పుతో కోయి. ముదురు, లేత, ముదురు వరసలో రెండు స్ట్రిప్ సెట్లు, లేత, ముదురు, లేత వరసలో ఒకటి కుట్టు. ప్రతి సెట్‌నూ 2½ అంగుళాల చొప్పున అడ్డంగా కోస్తే 16 ముక్కలొస్తాయి. మొదటి రకం రెండు, మధ్యలో రెండో రకం ఒకటి పెట్టి అతికితే నైన్ ప్యాచ్, అంటే తొమ్మిది గళ్ల చదరం. అలాంటివి 16 తయారవుతాయి. వాటిలో 15 తీసుకుని, మధ్యమధ్యలో 6½ అంగుళాల సాదా చదరాలు 15 పెట్టి కలిపితే 30కి 36 అంగుళాల చంటిపిల్లల క్విల్ట్ పైభాగం అవుతుంది. ఒక్కో చిన్న గడీ విడిగా కోయాల్సి వస్తే ఎంత పనో ఆలోచించు.

ఇక స్కాంట్ క్వార్టర్. క్విల్టింగ్‌లో కుట్టు పక్కన వదిలే బట్ట పావు అంగుళం. బ్లౌజుకి వదిలే మార్జిన్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ బట్ట మడత పడే చోట ఒకటి రెండు పోగుల మందం పోతుంది, అందుకని పావు అంగుళం కంటే ఒక పోగు తక్కువ వదిలి కుట్టాలి. అదే స్కాంట్ క్వార్టర్. మూడు పట్టీల సెట్ కుట్టి, ఇస్త్రీ చేసి కొలువు. సరిగ్గా 6½ అంగుళాలు, మధ్య పట్టీ సరిగ్గా 2 రావాలి. ప్రతి కుట్టులో అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తీసుకున్నా, రెండు కుట్లకి కలిపి పావు అంగుళం తగ్గుతుంది. అప్పుడు పక్కన పెట్టే సాదా చదరంతో అది కలవదు. అందుకే మొదటి సెట్ కొలవకుండా రెండోది కుట్టొద్దని నా గట్టి మాట. టాకా కూడా చిన్నగా, 2 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకో. తర్వాత కుట్టు మీదుగా కోస్తాం కదా, పొడుగు టాకా అయితే కొసలు ఊడిపోతాయి.

మొన్న సెలవులకి బల్లార్షా వెళ్లినప్పుడు మా వదిన కూతురికి వాళ్ల ఇంటి తొక్కుడు మిషన్ మీదే ఇది నేర్పించాను. ఆమె కుట్టిన పట్టీ మధ్యలో చిన్న విరుపు వచ్చింది, విప్పి పరిస్తే వి అక్షరంలా. "అత్తా, కోత తిన్నగానే కోశాను కదా!" అంది. కోత తిన్నగానే ఉంది. బట్ట మడత పెట్టినప్పుడు రెండు సెల్వేజులూ సమానంగా పెట్టింది గానీ, మడత స్కేలుకి లంబంగా లేదు. మడత మీద స్కేలు అడ్డగీత పెట్టి, ముందు అంచు ఒకసారి తిన్నగా కోసుకున్నాకే పట్టీలు కోయాలి. మూడు నాలుగు కోతలకోసారి మళ్లీ చూసుకోవాలి. ఆమెకి మరో చిక్కు కూడా వచ్చింది. అన్ని కుట్లూ ఒకే వైపు నుంచి మొదలుపెడితే సెట్ విల్లులా వంగింది. ఒక కుట్టు పైనుంచి, తర్వాతది కిందనుంచి వేస్తే తిన్నగా వస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి నెస్టింగ్. కుట్టు అయ్యాక వదిలిన బట్టను ముదురు రంగు వైపు ఒత్తాలని గిల్డులో చెప్తారు. లేత రంగు కింద నుంచి ముదురు కనిపించకుండా ఉండడం ఒక కారణం. ఇంకో కారణం నైన్ ప్యాచ్‌లోనే బయటపడుతుంది. ముదురు, లేత, ముదురు సెట్‌లో మార్జిన్లు బయటికి తిరుగుతాయి, లేత, ముదురు, లేత సెట్‌లో లోపలికి, మధ్య పట్టీ వైపు. రెండు ముక్కల్ని సీదా వైపులు కలిపి ఒకదాని మీద ఒకటి పెట్టి వేలితో జరిపి చూడు. ఒక దాని మార్జిన్ ఇటు, ఇంకో దానిది అటు ఉండి, రెండు కుట్లూ ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోతాయి. అదే నెస్టింగ్. వేలికి తెలుస్తుంది. ఇక పిన్ను పెట్టకపోయినా మూల కలుస్తుంది. ఇస్త్రీ మాత్రం పెట్టెను అటూ ఇటూ లాగకుండా పైనుంచి ఒత్తి ఎత్తు. లాగితే పట్టీ సాగిపోతుంది.

సబ్‌కట్ చేసేటప్పుడు స్కేలు గీతను బట్ట అంచుకి కాకుండా కుట్టు గీతకి ఆనించు. అంచు వంకరగా ఉన్నా గళ్లు చదరంగా వస్తాయి. మిగతా మాటలు తేలిక. చైన్ పీసింగ్ అంటే దారం తెంపకుండా ముక్కలన్నీ వరసగా మిషన్ కింద పంపడం. ఫ్యాట్ క్వార్టర్ దాదాపు 18కి 22 అంగుళాల ముక్క. జెల్లీ రోల్ అంటే 2½ అంగుళాల పట్టీలు చుట్టగా చుట్టి అమ్మేది, మామూలుగా 40 దాకా ఉంటాయి. చూడగానే కొనాలనిపిస్తుంది, కానీ మొదట కొనొద్దంటాను. కోయడం నేర్చుకోవాలంటే గజాల లెక్కన బట్ట కొనాలి. ఇక్కడి గజం 36 అంగుళాలు, మన మీటరు కంటే తక్కువ.

అమ్మ పాత చీరలు కలపొచ్చా అని కూడా అడిగావు. నేత చీరని ఉతికి, తెల్ల గుడ్డతో రుద్ది రంగు వదలదని చూసుకున్నాకే కోయి. బాగా పలచబడ్డ చీరను కొత్త క్విల్టింగ్ కాటన్ పట్టీ పక్కన పెట్టొద్దు, సాగుడు వేరు, సెట్ ముడతలు పడుతుంది. చీరలన్నీ ఒక సెట్టుగా, కొత్త కాటన్ అంతా ఒక సెట్టుగా కుడితే నయం.

మన దేశం నుంచి కరెంటు మిషన్ తెచ్చుకోవద్దు. అక్కడ 230 వోల్టులు, ఇక్కడ 120. కొన్ని పబ్లిక్ లైబ్రరీల్లో కుట్టు మిషన్లు వాడుకోనిస్తారు, ముందు అక్కడ అడుగు. రోటరీ కట్టర్‌తో ప్రయాణం చేస్తే చెక్‌ఇన్ సూట్‌కేసులో వెయ్యి, చేతి సంచిలో వద్దు. నీది డిపెండెంట్ వీసా అయితే, నీకు పని అనుమతి ఉందని ఖాయంగా తెలిసేదాకా ఎవరైనా క్విల్ట్ కుట్టి పెట్టమని డబ్బిస్తామన్నా తీసుకోకు. వచ్చే మీటింగుకి నీ మొదటి స్ట్రిప్ సెట్, సబ్‌కట్ చేయకుండానే, తీసుకెళ్లి చూపించు. కొలత ఎక్కడ తప్పిందో అక్కడి పెద్దవాళ్లు వేలు పెట్టి చెప్తారు.