ఒంటేలు మంట మళ్ళీ వచ్చిందంటే ముందు కల్చర్ చేయించండక్కా

అక్కా, తొమ్మిదో తరగతి చదివే మీ పాపకి ఒంటేలు మంట మందుల షాపు మాత్రలతో తగ్గి, నెల తిరక్కుండానే మళ్ళీ మొదలైందన్నారు. వేడి చేసిందని మీ అత్తగారు సబ్జా నీళ్ళు తాపుతున్నారన్నారు. తాపనీయండి, ఏ రూపంలోనైనా నీళ్ళు లోపలికి పోతే మంచిదే. కానీ ఇన్‌ఫెక్షన్ అయితే అది సబ్జాతో పోదు. చాలామందికి ఇది పేగుల్లో ఉండే ఇ-కొలి బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఆడవాళ్ళ మూత్రనాళం పెద్దయ్యాక కూడా 4 సెంటీమీటర్లే కాబట్టి అది సులువుగా పైకి ఎక్కేస్తుంది.

మాది పొదిలి పక్క పల్లె. మా పాపకీ ఇదే గోల నడిచింది. డాక్టరమ్మ ముందు రాసింది మందు కాదు, యూరిన్ కల్చర్, అంటే ఒంటేలులో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష. యాంటీబయాటిక్ వేయకముందే ఇవ్వాలి, మాత్ర పడ్డాక ఇస్తే క్రిమి ఉన్నా రిపోర్టులో కనపడకపోవచ్చు. ఇంట్లో పట్టిన సీసా సంచిలో పెట్టుకుని ఒంగోలు బస్సు ఎక్కొద్దు. మన ఎండలకి దారిలోనే క్రిములు పెరిగి రిపోర్టు తప్పొస్తుంది. ల్యాబులోనే పట్టించండి: కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యది పట్టాలి. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. మందు పేరు పక్కన ‘ఎస్’ ఉంటే పనిచేస్తుంది, ‘ఆర్’ ఉంటే చేయదు. మా పాప అంతకుముందు వాడిన మాత్రకి ఆర్ వచ్చింది! డాక్టరు రాసిన కోర్సు మంట తగ్గినా చివరిదాకా వేయించండి.

ఇక బడి సంగతి. పొద్దున నింపిన నీళ్ళ సీసా సాయంత్రానికి దాదాపు అట్నే తిరిగొచ్చేది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది, బాత్రూం తలుపుకి గడియ లేదంట. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాల. ఆ తిప్పలు పడలేక నీళ్ళే మానేసి, ఇంటికొచ్చేదాకా బిగబట్టుకునేది. మేం కొంతమంది తల్లులం పోయి కూర్చుంటే గానీ గడియ పడలేదు. మీ పాపని నీళ్ళు తాగవేం అని కసిరేముందు ఇది కనుక్కోండి. మలబద్ధకం ఉందేమో కూడా అడగండి, అది ఉన్నా మూత్రం పూర్తిగా పోదు.

చలిజ్వరం, వాంతులు, నడుము పక్కన నొప్పి ఉంటే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు. కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి, శాంపిల్ తీసుకుని మందు వెంటనే మొదలుపెడతారు.