కాలర్ కింద ముడత ఇస్త్రీతో పోదు
బ్రదర్, రిసెప్షన్‌కి కుట్టించిన బ్లేజర్‌కి వెనక కాలర్ కింద అడ్డంగా ముడత పడుతోందని, ఇస్త్రీ చేస్తే పోతుందని టైలర్ అంటున్నారని రాశారు కదా, అది ఇస్త్రీతో పోయేది కాదు. భుజాలు వాలుగా కాకుండా చదునుగా ఉన్నవాళ్లకి గుడ్డ పైకి తన్నుకొచ్చి అక్కడ పోగవుతుంది. ఆ ముడతని రెండు వేళ్లతో పట్టి మడిచి చూడమనండి, వీపు సాఫీగా వస్తే కాలర్ విప్పి, మెడ దగ్గర ఆ మేరకు తగ్గించి మళ్లీ వేయాలి. ఓపిక కావాలి, అంతే. చేతుల పొడవు సులువే, చొక్కా కఫ్ అర అంగుళం కనిపిస్తే చాలు. కానీ భుజం కుట్టు మీ భుజం దాటి కిందికి జారిందా? అప్పుడు మాత్రం రిపేరుకి ఒప్పుకోకండి, కొత్తది కుట్టి ఇమ్మని గట్టిగా అడగండి. ట్రయల్‌కి ఆ రోజు వేసుకునే చొక్కాతోనే వెళ్లండి.