పాప చర్చి కాయిర్‌లో పాడతానంటోంది, మరి ఇంజినీరింగ్?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం సార్. అమ్మాయి ఇయర్ 12, అంటే మన ఇంటర్ ఫస్ట్ ఇయర్ లాంటిది, ఏ లెవెల్స్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, మ్యూజిక్. ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్పించాం, ఇప్పుడేమో స్కూల్ కాయిర్‌లో, అదే బృందగానంలో, ఆల్టో (ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు) పాడుతూ, యూనివర్సిటీకెళ్లాక కోరల్ స్కాలర్‌షిప్ ట్రై చేస్తానంటోంది. ఇంజినీరింగ్ వదిలేస్తుందేమో అని వాళ్ల నాన్న భయం, చర్చిలో పాడ్డమేంటి అని మా అత్తగారి గొడవ. మధ్యలో నేను నలిగిపోతున్నా.

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి సంగతి తేల్చేద్దాం, అదే తేలిక. కోరల్ స్కాలర్‌షిప్ అంటే మ్యూజిక్ డిగ్రీ కాదండి, కాలేజీ చర్చి కాయిర్‌లో పాడినందుకు ఇచ్చేది. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ కాలేజీ కాయిర్లలో ఏ సబ్జెక్ట్ చదివేవాళ్లైనా పాడొచ్చు, పాప ఇంజినీరింగ్ చదువుతూనే పాడొచ్చు. కాకపోతే సీటు మార్కులతోనే తెచ్చుకోవాలి, గొంతు బాగుంది కదా అని గ్రేడ్ తగ్గించరు. ఇంకోటి, స్కాలర్‌షిప్ అన్నారు కదా అని ఫీజు మాఫీ అనుకుంటారు మనవాళ్లు, కాదు, చేతికొచ్చేది చిన్న మొత్తమే, అసలు లాభం వోకల్ లెసన్స్, టూర్లు, రికార్డింగులు. పోయేది టైమ్. కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజీ కాయిర్‌నే తీసుకోండి, టర్మ్‌లో వారానికి మూడు సాయంత్రాలు సర్వీస్, అంటే చర్చి ప్రార్థన ఉంటుంది, దానికి రిహార్సల్స్ వేరే, టర్మ్ చూస్తే 8 వారాలే, అందులోనే ల్యాబులు, ప్రాబ్లమ్ షీట్లు అన్నీ. చేసేవాళ్లు చేస్తున్నారు, కానీ తేలికని నేను చెప్పను.

అందరూ టీవీలో చూసే కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ కాయిర్ మాత్రం పాపకి కుదరదు, అందులో అబ్బాయిలు, మగవాళ్లే. ట్రినిటీలో 1982 నుంచి అమ్మాయిలున్నారు, సెయింట్ జాన్స్ 2022లో తలుపు తెరిచింది, ఆక్స్‌ఫర్డ్‌లో మెర్టన్ ఉంది.

ఇప్పుడు అత్తగారి విషయం. దాచిపెట్టి లాభం లేదు, ఈ కాయిర్లు పాడే ఈవెన్‌సాంగ్ అంటే ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) సాయంత్రం ప్రార్థనే, కచేరీ కాదు. అయితే పాడేవాళ్లలో దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా బోలెడుమంది, మతం మార్చుకోమని ఎవరూ అడగరు. ఆవిడకి ఒక్క విషయం చెప్పి చూడండి. జాన్ టావెనర్ అని బ్రిటిష్ కంపోజర్, 2013లో పోయారు, లండన్ టెంపుల్ చర్చిలో 2003లో రాత్రంతా పాడించారు ఒక రచన, సుమారు ఏడు గంటలు, అందులో సంస్కృతం కూడా ఉంది! ఆయనేమో ఆర్థడాక్స్ క్రిస్టియన్, పాడింది ఆంగ్లికన్ చర్చిలో. ఇప్పుడు చర్చిల్లో వినిపించేది పాత పాటలే కాదండి, కింగ్స్ వాళ్లు 1983 నుంచి ప్రతి క్రిస్మస్‌కీ ఒక కొత్త కేరల్ (క్రిస్మస్ పాట) రాయిస్తున్నారు, 2022లో క్వీన్ అంత్యక్రియలకి కూడా జుడిత్ వియర్, జేమ్స్ మెక్‌మిలన్ అనే కంపోజర్లు కొత్తగా రాశారు. అయినా ఇంట్లో మనసొప్పకపోతే బలవంతం వద్దు, యూనివర్సిటీల్లో చర్చితో సంబంధం లేని ఛాంబర్ కాయిర్లు, అంటే చిన్న బృందాలుంటాయి, నేషనల్ యూత్ కాయిర్ కూడా ఉంది, దానికి ఆడిషన్ ఇప్పుడే ఇవ్వొచ్చు, మతంతో సంబంధం లేని పాటలు కూడా అక్కడ దొరుకుతాయి.

నాకు అసలు బెంగ వేరే. పాప నొటేషన్ చూసి పాడగలదా? మన పిల్లలు గురువుగారి దగ్గర విని పట్టేస్తారు, శ్రుతి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ట్రయల్‌లో, అంటే కాయిర్ ఆడిషన్‌లో, ఎప్పుడూ చూడని కాగితం చేతికిచ్చి పాడమంటారు, అక్కడ తడబడతారు. రెండోది గమకం. సోలోలో అందం, కాయిర్‌లో అదే పంటికింద రాయి, స్వరం నిలకడగా ఉంచి పక్కవాళ్లలో కలిసిపోవాలి. ఇదే టావెనర్ 1982లో రాసిన ద ల్యాంబ్ అనే చిన్న పాట ఉంది, మూడు పేజీలుంటుందేమో, రెండో లైన్‌లో సోప్రానో (ఆడవాళ్లలో పై స్థాయి గొంతు) పైకెళ్తే ఆల్టో అద్దంలో బొమ్మలా అంతే కిందికెళ్తుంది, పక్క గొంతు చెవిలో గీరుతూ ఉంటుంది. అది జారకుండా పాడగలిగితే పాప సగం రెడీ. రోజూ పావుగంట సైట్ రీడింగ్, అంటే కొత్త నొటేషన్ చూసి అప్పటికప్పుడు పాడటం, చేయించండి, అది చాలు.

జీవనోపాధి మాటకొస్తే మొహమాటం లేకుండా చెప్తున్నా, పాటనే నమ్ముకుని బతికేవాళ్లు తక్కువ. కేథడ్రల్‌లో పాడే లే క్లర్కులు చాలామంది పగలు టీచింగో ఇంకోటో చేస్తారు. నెల జీతాలుండే బీబీసీ వాళ్ల ప్రొఫెషనల్ కాయిర్ బీబీసీ సింగర్స్‌నే 2023 మార్చిలో మూసేస్తామన్నారు, జనం గోల చేస్తే అదే నెలలో వెనక్కి తగ్గారు. అందుకే ఇంజినీరింగ్ డిగ్రీ ఉంచుకుని పాడమంటాను. తర్వాత కూడా మోజు తగ్గకపోతే ద సిక్స్‌టీన్ అనే ప్రొఫెషనల్ కాయిర్ నడిపే జెనెసిస్ సిక్స్‌టీన్ ఉంది, 18 నుంచి 23 ఏళ్లవాళ్లకి, ట్రైనింగ్ ఫ్రీ.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకి యుకాస్ (యూనివర్సిటీ అడ్మిషన్ల దరఖాస్తు) గడువు అక్టోబర్ 15, కోరల్ ట్రయల్ తేదీలు ఆ కాలేజీ సైట్‌లోనే చూసుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి నమ్మకండి. అంతకంటే ముందు ఒక పని చేయండి, రెడింగ్ నుంచి ఆక్స్‌ఫర్డ్ ట్రైన్‌లో అరగంటే కదా, టర్మ్ టైమ్‌లో మెర్టన్‌లో ఈవెన్‌సాంగ్‌కి అత్తగారిని కూడా తీసుకెళ్లండి. టికెట్ లేదు. ఆవిడకి మాత్రం శాలువా మర్చిపోకండి, ఆ రాతి గోడల మధ్య చలి మామూలుగా ఉండదు.